డిపాజిషన్: పూతా, నిక్షేపణా, మరొకటా?

చిప్‌ల తయారీ మీద తెలుగులో రాస్తూ ‘డిపాజిషన్’ దగ్గర ఆగిపోయాను. వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని సిలికాన్ బిళ్ల) మీద ప్లాస్మా (విద్యుత్తుతో అయాన్లూ ఎలక్ట్రాన్లూగా విడిన వాయువు) సాయంతో, కరెంటును పోనివ్వని బంధకపు పలుచని పొర ఏర్పరిచే పని అది. యంత్రానువాదం ‘ప్లాస్మా వాంగ్మూలం’ అంటూ ఏకంగా కోర్టు మెట్లెక్కించింది! ‘నిక్షేపణ’ అంటే ఖనిజాలో, బ్యాంకు ఖాతాలో గుర్తొస్తున్నాయి. ‘పూత’ అనేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. పూసేది ముందే తయారై ఉండాలి, రంగులాగా, సున్నంలాగా. ఇక్కడ చాంబర్‌లోకి పంపేది సైలేన్ (సిలికాన్, హైడ్రోజన్‌ల సమ్మేళనం), నైట్రస్ ఆక్సైడ్ వాయువులు. ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లు ఢీకొని వాటిని విరగ్గొడితే, ఆ ముక్కలు వేఫర్ మీద వాలి అక్కడే సిలికాన్ డయాక్సైడ్ అవుతాయి. నైట్రస్ ఆక్సైడ్ బదులు అమోనియా ఇస్తే సిలికాన్ నైట్రైడ్ వస్తుంది. విరగ్గొట్టే పని ఎలక్ట్రాన్లదే కాబట్టి వేఫర్‌కు 300–400 డిగ్రీలు చాలు. ఉత్త వేడితోనే నైట్రైడ్ రావాలంటే 700 దాటాలి, చిప్ మీద అప్పటికే వేసిన అల్యూమినియం తీగలేమో 660 దగ్గరే కరిగిపోతాయి.

దీనికి మన దగ్గర చక్కటి క్రియ ఉంది, ‘పట్టు’. అద్దానికి ఆవిరి పట్టింది, లాంతరు గాజుకు మసి పట్టింది. గాలిలోంచి వచ్చి అంటుకుని పొర కట్టడం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ‘వేఫర్‌కు ఆక్సైడ్ పట్టించారు’ అనండి.

మరో జవాబు: ఇనుముకు తుప్పూ పడుతుంది కదండీ. అది గాలిలోంచి వచ్చి అంటుకునేది కాదు, ఇనుమే తుప్పుగా మారుతుంది. చిప్‌లలో దానికి జోడీ థర్మల్ ఆక్సైడ్, అంటే వేడిలో వేఫర్ సిలికానే ఆక్సైడ్‌గా మారి ఏర్పడే పొర. 100 నానోమీటర్ల పొర కావాలంటే సుమారు 44 నానోమీటర్ల సిలికాన్ ఖర్చయిపోతుంది. ప్లాస్మాతో వేసే పొర కింది సిలికాన్‌ను అలా తినదు. అందుకని ‘పట్టడం’ రెండింటికీ వాడినా, ఒకటి తుప్పు బాపతు, ఇంకోటి మసి బాపతు అని చెప్పాలి.

ఇంకొకరు: ఈ పనిలో ఉన్నవాణ్ణి. దయచేసి మసి అనకండి! ప్లాస్మాలో గాల్లోనే గట్టిపడి పొడిలా రాలితే మాకు టెన్షన్. ఒక్క రేణువు పడ్డా అక్కడి చిప్ పోయినట్టే. అద్దం మీది ఆవిరే నయం. మేమైతే ‘డెప్ అయిందా?’ అనుకుంటాం, అంతే.

మొదటి వ్యక్తి: వాక్యంలో ‘పొర పట్టించడం’ ఖాయం చేశాను. శీర్షికకు నామవాచకం కావాలిగా? ‘పొరపట్టింపు’ అని రాసి చూస్తే, పొరకేవో పట్టింపులున్నట్టుంది. శీర్షికలో మాత్రం డిపాజిషనే ఉంచాను.