రోమా పిల్లల బడి: బ్రస్సెల్స్ చట్టమే మారుస్తుందా, వాడలోని మనుషులే పూనుకోవాలా?

కొల్లేటి కొంగ:
బ్రస్సెల్స్ కేంద్రంగా నడిచే యూరోపియన్ యూనియన్‌లో దాదాపు 60 లక్షల మంది రోమాలు ఉన్నారని అంచనా. వెయ్యేళ్ల కిందట మన ఉపఖండం విడిచి వెళ్లిన ఈ జనం నీటిని ఇప్పటికీ ‘పాని’ అనే అంటారు. చెక్ రిపబ్లిక్, స్లొవేకియా, హంగరీలలో వీరి పిల్లలను వేరే తరగతుల్లో, వేరే బడుల్లో కూర్చోబెట్టడం దశాబ్దాలుగా సాగుతోంది. జాతి వివక్షను నిషేధిస్తూ యూనియన్ ఆదేశం 2000లోనే వచ్చింది. రోమాల కోసమే 2011లో ఒక ప్రణాళిక, 2020లో మరొకటి వచ్చాయి. కాగితాలు పెరిగాయి కానీ బెంచీలు కలవలేదు. పైనుంచి వచ్చే విధానం కంటే వాడలోని మనుషులు పూనుకుంటేనే ఇది మారుతుందని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో రాయగలరు.

గుంటూరు ప్లీడరు:
నేను కాదంటాను. చెక్ నగరం ఒస్త్రావాలో 1990లలో, మానసిక వికాసం తక్కువైన పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక పాఠశాలల్లో సగానికి పైగా రోమా పిల్లలే ఉండేవారు. మిగతా పిల్లలతో పోలిస్తే రోమా పిల్లలు అక్కడ చేరే అవకాశం 27 రెట్లు ఎక్కువ అని కోర్టుకెక్కిన 18 మంది పిల్లల తరఫున లెక్క తేల్చారు. తల్లిదండ్రులే సంతకం చేశారు కదా అని ప్రభుత్వం వాదించింది. ఆ సంతకం ముందే నింపి ఉంచిన ఫారం మీద చేయించినదనీ, వేరే బడికి పంపవచ్చన్న ముక్క అందులో లేదనీ, అసలు వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ఎవరూ సంతకంతో వదులుకోలేరనీ 2007లో యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. వేలిముద్ర వేసిన కాగితాలు చూపించి భూములు లాక్కున్న కథలు తెలిసిన మనకు ఆ వాక్యం విలువ వేరే చెప్పాలా? ఏ వాడ సంఘమూ ఒక ప్రభుత్వాన్ని ఆ బోనులో నిలబెట్టలేదు.

తుంగభద్ర:
ప్లీడరు గారూ, చిన్న సవరణ. ఆ తీర్పు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానానిది. అది యూరోప్ కౌన్సిల్ అనే వేరే అంతర్జాతీయ సంస్థకు చెందినదే తప్ప యూనియన్‌ది కాదు. తేడా ఎందుకు ముఖ్యమంటే, స్ట్రాస్‌బర్గ్ ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం ఇప్పించగలిగింది కానీ బడి నిధులు ఆపలేదు. నిధులు ఉన్న యూనియన్ తన చట్టాన్ని ఉల్లంఘించిందంటూ చెక్ ప్రభుత్వం మీద చర్య మొదలుపెట్టడానికి 2014 దాకా ఆగింది. 2015లో చర్య మొదలైన స్లొవేకియాను కోర్టుకు లాగింది 2023లో. ఒకటో తరగతిలో ఉన్న పిల్ల ఆ ఎనిమిదేళ్లలో ప్రాథమిక విద్య దాటిపోతుంది.

కొల్లేటి కొంగ:
నేను చెప్పదలచుకున్నది అదే. బల్గేరియాలోని విదిన్ పట్టణంలో ‘ద్రోమ్’ అనే రోమా సంస్థ 2000లో ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించి, నోవ్ పుట్ అనే రోమా వాడ పిల్లలను బస్సులో పట్టణంలోని మామూలు బడులకు పంపింది. పిల్లల వెంట తమ వారినే పెట్టింది. అప్పటికి బల్గేరియా యూనియన్‌లో చేరనే లేదు.

తుంగభద్ర:
ఆ బస్సుకు డబ్బు పెట్టినది ఒక ప్రైవేటు ఫౌండేషన్ అని కూడా చెప్పండి, కొంగ గారూ. దాత చెయ్యి వెనక్కి తీసుకుంటే డీజిల్ ఎవరు పోస్తారు? అదలా ఉంచితే, ప్రజల చేతికే పగ్గాలు ఇస్తామంటూ యూనియన్ పెట్టిన, దాని నిధులను ఊళ్లో దేనికి ఖర్చు చేయాలో తేల్చే స్థానిక కార్యాచరణ బృందాల సంగతి చూడండి. ప్రభుత్వ అధికారులకు గానీ మరే ఒక్క వర్గానికి గానీ 49 శాతానికి మించి ఓట్లు ఉండకూడదన్నది 2014–20 నిబంధన. మంచిదే. కానీ ఊళ్లో మేయరు, దుకాణదారు, రైతు వేర్వేరు వర్గాల పేరుతో కూర్చుని, తమ పిల్లల పక్కన రోమా పిల్ల వద్దన్న మాట మీద మాత్రం ఒక్కటైతే ఆ 49 అడ్డుపడదు. పైగా చాలా పథకాల్లో ముందు ఖర్చు పెట్టి, తర్వాత బిల్లు చూపి డబ్బు తెచ్చుకోవాలి. చేతిలో రొక్కం లేని సంఘం అక్కడే ఆగిపోతుంది.

గుంటూరు ప్లీడరు:
సవరణ అంగీకరించాను, పొరపాటు నాదే. అయితే హంగరీలోని గ్యొంగ్యొష్‌పటా గ్రామం చూడండి. బడిలో రోమా పిల్లలు కింది అంతస్తులో, మిగతావారు పై అంతస్తులో. ఒక స్వచ్ఛంద సంస్థ ఆ కుటుంబాల పక్షాన ఏళ్ల తరబడి పోరాడితే, సుమారు 60 మందికి నగదు పరిహారం ఇవ్వాలని 2020 మేలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ప్రధాని ఓర్బాన్ అంతకు ముందే ఆ పరిహారాన్ని బాహాటంగా తప్పుపట్టారు. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, ఇకపై ఇలాంటి కేసుల్లో నగదుకు బదులు చదువో శిక్షణో ఇవ్వాలని చట్టం మార్చారు. వేరుచేసి చదువు చెడగొట్టినందుకు పరిహారం మళ్లీ చదువేనట! ఇక్కడ వాడ తన పని తాను చేసింది, కోర్టు తన పని చేసింది. ఆ సవరణను ఎదుర్కొనే బలం మాత్రం ఆ కుటుంబాలకు లేదు, బ్రస్సెల్స్‌కు ఉంది. కొంగ గారు దీనికి జవాబు చెప్పాలి.

కొల్లేటి కొంగ:
బలం ఉండీ వాడనిదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. కానీ ఒస్త్రావా ఫారం గురించి మీరు రాసింది నన్ను ఆపింది. ఆ తల్లి సంతకం పెట్టే వేళ పక్కన విదిన్ కార్యకర్త లాంటి మనిషి ఒకరు ఉండి ఉంటే కేసే పుట్టేది కాదు. ఆ మనిషికి నెల జీతం ఎవరివ్వాలన్నది మాత్రం వాడ ఒక్కటే మోయగలిగిన ప్రశ్న కాదని ఒప్పుకుంటున్నాను.