పదిహేనేళ్ల అమ్మాయికి డిప్రెషన్: ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సరిపోతుందా?

ప్రశ్న:
మా అమ్మాయికి 15 ఏళ్లు. కొన్నాళ్లుగా ప్రతిదానికీ విసుక్కుంటోంది, స్నేహితులతో మాట్లాడటం మానేసింది, రాత్రిళ్లు నిద్రపోదు. డాక్టర్ చూసి డిప్రెషనేనని, తీవ్రంగా లేదని, కౌన్సెలింగ్ మొదలుపెట్టమని అన్నారు. ఎదురుగా కూర్చుని మాట్లాడనంటోంది, ఆన్‌లైన్‌లో అయితే సరేనంటోంది. ఇది నిజంగా పనిచేస్తుందా? పక్కన నేను కూర్చోవచ్చా?

జవాబు (పిల్లల కౌన్సెలర్):
సరేనంది కదా, ఆలస్యం చేయకండి. ఆ వయసులో డిప్రెషన్ దిగులుగా కాక విసుగుగా, కోపంగా బయటపడటం మామూలే.

బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2019 మార్గదర్శకాల్లో, తీవ్రత తక్కువగా ఉన్న పిల్లలకు మొదట ఇవ్వదగ్గవాటిలో డిజిటల్ సీబీటీని కూడా చేర్చింది. సీబీటీ అంటే ఆలోచనలనూ రోజువారీ పనులనూ కొద్దికొద్దిగా మార్చుకునే పద్ధతి, డిజిటల్ అంటే దాన్ని యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో చేయడం. అయితే యాప్ ఇచ్చేసి వదిలేస్తే చాలామంది పిల్లలు మధ్యలోనే ఆపేస్తారు. వారం వారం పలకరించే మనిషి ఉన్నదే ఎంచుకోండి. పిల్లలతో పనిచేసే శిక్షణ ఉందా, అర్హత ఏమిటి అని మొహమాటపడకుండా అడగండి.

పక్కన కూర్చోవద్దండీ. గది తలుపు వేసి, ఇయర్‌ఫోన్స్ ఇచ్చి, మీరు వినపడనంత దూరంలో ఉండండి. అమ్మ వింటోందని తెలిస్తే స్కూలు కబుర్లు తప్ప ఏమీ చెప్పదు. తర్వాత "ఏం మాట్లాడావ్?" అని ఆరా తీయడం కూడా వద్దు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం కౌన్సెలర్ మీకు చెప్పాల్సిందే. ఆ హద్దు ఏమిటో మొదటి రోజే ముగ్గురూ కలిసి మాట్లాడుకోవాలి. కాల్ మధ్యలో ఏదైనా జరిగితే సాయం పంపడానికి మీ అడ్రస్, ఫోన్ నంబర్ ముందే తీసుకుంటారు. అవి అడగనివారి దగ్గర నాకైతే నమ్మకం కుదరదు.

ఇంకొకరి జవాబు:
మావాడు వీడియోలో ముఖం చూపించడానికి ఇష్టపడలేదు. కెమెరా ఆపి, కొన్నాళ్లు చాట్‌లో టైప్ చేస్తూ మాట్లాడాడు. మీ అమ్మాయిని కూడా ఏది తేలికో అడగండి.

మళ్లీ ప్రశ్న:
మంచి మాట, అడుగుతాను. ఒక్కటే భయం. "నేను లేకపోతే బాగుండు" అని ఒకసారి అంది. దాని గురించి అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందా?

జవాబు (పిల్లల కౌన్సెలర్):
అవదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా ఇవాళే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి భారం దిగుతుంది. ఆమె అన్న మాట డాక్టర్‌కూ ఇవాళే చెప్పండి. తీవ్రంగా లేదన్నప్పుడు ఆయనకు ఇది తెలియకపోవచ్చు. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించిందని తెలిస్తే ఆన్‌లైన్ సెషన్ కోసం ఆగొద్దు, ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇంట్లో మాత్రలు, పురుగుమందులు ఉంటే ఇప్పుడే తాళం వేయండి.