80 దగ్గర ఆపాలా, 100 దాకా పెట్టాలా? రోజూ చార్జింగ్ మీద సందేహం

ఖమ్మం మాస్టారు:
అందరికీ నమస్తే. ఎలక్ట్రిక్ కారు కొని ఐదు నెలలైంది, 38 కిలోవాట్ అవర్ (అంటే 38 యూనిట్ల) బ్యాటరీ. బడి వైరా అవతల, రానూపోనూ 60 కి.మీ. డెలివరీ రోజున షోరూమ్ అబ్బాయి "సార్, చార్జ్ 20 శాతం కిందికి పోనివ్వకండి, 80 పైకి ఎక్కించకండి" అన్నాడు. నేను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నా. కారులో లిమిట్ పెట్టే ఆప్షన్ లేదు, అందుకని రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి ప్లగ్ తీసిన రోజులు కూడా ఉన్నాయి. మా ఆవిడ నవ్వుతుంది, పిల్లలు చిన్నప్పుడు కూడా ఇన్నిసార్లు లేవలేదంటుంది.

అసలు విషయానికొస్తే, మొన్న సాయంత్రం వైరా దాటాక 17 శాతం చూపిస్తున్నది రెండు కిలోమీటర్లు పోకముందే 9కి పడిపోయింది. ఏసీ ఆపేసి, లారీల వెనక నలభైలో ఈడ్చుకుంటూ ఇల్లు చేరా. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "బ్యాటరీ బాగానే ఉంది సార్" అని పంపేశారు. బాగానే ఉంటే 8 శాతం ఎటు పోయినట్టు? ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా బ్యాటరీ పోతోందా? ఎండాకాలం వస్తోంది, ఇంకా టెన్షన్‌గా ఉంది.

గుంటూరు ఈవీ:
మాస్టారూ, బ్యాటరీకేం కాలేదు, లెక్క తప్పింది అంతే. ముందు ఓనర్ మాన్యువల్ తీసి మీ బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమా, ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకమా చూడండి. ఆ 20-80 సూత్రం ముఖ్యంగా ఎన్‌ఎంసీ వాళ్లది, అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి అందరి నెత్తికీ ఎక్కింది.

ఖమ్మం మాస్టారు:
ఎల్‌ఎఫ్‌పీ అనే ఉంది. వారానికోసారి ఫుల్ చేయమని కూడా చిన్న అక్షరాల్లో ఉంది. ఇన్నాళ్లూ చూడలేదు, తప్పు నాదే.

గుంటూరు ఈవీ:
అయితే సంగతి తేలిపోయింది. ఇంట్లో గ్యాస్ బండ ఉంటుంది కదా, మంట చూసి లోపల ఎంత గ్యాస్ ఉందో చెప్పగలమా? అయిపోయే ముందు దాకా ఒకేలా మండుతుంది. ఎల్‌ఎఫ్‌పీ అంతే. బ్యాటరీ లోపలి ఒక్కో సెల్ వోల్టేజ్ 3.2, 3.3 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది, 30 శాతంలోనూ 70 శాతంలోనూ పెద్ద తేడా ఉండదు. కాబట్టి కారు కిరాణా కొట్టు పద్దులా ఎంత కరెంటు లోపలికొచ్చింది, ఎంత బయటికిపోయింది అని రాసుకుంటూ పోతుంది. ఆ పద్దులో రోజూ కొంచెం తేడా వస్తుంది, అది పేరుకుంటుంది. పూర్తిగా నిండినప్పుడు మాత్రం వోల్టేజ్ గబుక్కున పైకి లేస్తుంది, అప్పుడు కారుకి "ఓహో, ఇది 100" అని తెలిసి పద్దు సరిచేసుకుంటుంది. మీరు ఐదు నెలలు దానికి ఆ అవకాశమే ఇవ్వలేదు. చార్జ్ అయిపోవచ్చే చివర్లో వోల్టేజ్ కూడా గబుక్కునే పడుతుంది, అప్పుడు అసలు సంగతి కనిపెట్టి 17ని 9కి దించేసింది. మీ 8 శాతం ఎక్కడికీ పోలేదు, అసలు అక్కడ లేదు.

ఈ వారం ఒక రాత్రి, ఇంటి స్లో చార్జర్ మీదే, 100 దాకా పెట్టండి. 100 చూపించగానే పీకేయొద్దు, అదే ఆగేదాకా వదిలేయండి. సెల్స్ అన్నీ ఒక మట్టానికి తెచ్చుకునే పని అప్పుడే జరుగుతుంది, గంట పట్టినా పట్టొచ్చు. మొదటిసారికే పూర్తిగా కుదురుకోకపోతే ఇంకోసారి చేయండి. ఆ తర్వాత వారానికోసారి చాలు. టెస్లా వాళ్లు కూడా ఎల్‌ఎఫ్‌పీ కార్లకు వారానికి ఒక్కసారైనా 100 చేయమనే చెబుతారు.

కూకట్‌పల్లి నుంచి:
ఒక్క మాట కలుపుతా. నాది ఎన్‌ఎంసీ, నాకు మాత్రం 80 నిజమే. ఈ రకం సెల్ నిండుగా అంటే 4.2 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు లోపల ఒత్తిడిలో ఉంటుంది, దానికి వేడి తోడైతే త్వరగా అరుగుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది మూడు మాటలు: నిండుగా, వేడిగా, కదలకుండా. మూడూ ఒకేసారి కలవకూడదు. విజయవాడ వెళ్లే రోజు నేనూ 100 పెడతా, కాకపోతే తెల్లారుజామున ఐదింటికి పూర్తయ్యేలా టైమర్ పెట్టి ఆరింటికల్లా బయల్దేరతా. శుక్రవారం ఫుల్ చేసి సోమవారం దాకా ఎండలో నిలబెట్టడమే తప్పు. ఎల్‌ఎఫ్‌పీ వాళ్లు కూడా మాకేం కాదులే అనుకోవద్దు, దానికి తట్టుకునే శక్తి ఎక్కువ కానీ ఎండ దానికీ ఎండే.

ఖమ్మం మాస్టారు:
మరి రోజూ పెట్టాలా, రెండు రోజులకోసారా? ఇంకోటి, చార్జింగ్ పెట్టినప్పుడు ప్లగ్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. పాత 15 ఆంప్స్ సాకెట్, గీజర్ కోసం పెట్టించింది. ఫొటో పెడుతున్నా, ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగు తిరిగింది చూడండి.

వరంగల్ ఎలక్ట్రీషియన్:
సార్, బ్యాటరీ సంగతి తర్వాత, ఇవ్వాళ రాత్రి ఆ సాకెట్‌లో పెట్టకండి. ఫొటోలో ప్లాస్టిక్ కూడా కొంచెం ఉబ్బింది, గమనించారా? గీజర్ ఇరవై నిమిషాలు నడిచి ఆగుతుంది. కారు మూడు నాలుగు గంటలు ఆపకుండా లాగుతుంది, లోపల పిన్నుని పట్టుకునే రేకు వదులైతే అక్కడే కాలుతుంది. బయట వాసన రాకపోవచ్చు కూడా, ఒకరోజు ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడిపోయాక తెలుస్తుంది, అదీ అదృష్టం బాగుంటే.

మీటర్ దగ్గర నుంచి విడిగా లైన్ లాగించండి, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్). సాకెట్ నీలం రంగు ఇండస్ట్రియల్ రకం పెట్టండి. ఎర్తింగ్ చెక్ చేయించకుండా మాత్రం వదలొద్దు. చార్జర్‌లో ఎర్ర లైటు వస్తోందంటే చాలాసార్లు చార్జర్ తప్పు కాదు, ఇంటి ఎర్త్ ఎండిపోయి ఉంటుంది. కొందరు ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలిపేసి లైటు ఆర్పేస్తారు, ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి, షాక్ కొడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు. లైన్ పడేదాకా ఎక్కడైనా బయట చార్జ్ చేసుకోండి.

గుంటూరు ఈవీ:
ఎలక్ట్రీషియన్ గారు చెప్పిందే మొదటి పని మాస్టారూ. ఇక రోజూనా, రెండు రోజులకా అంటే, 60 కి.మీ. నడిపితే మీకు 10 యూనిట్ల దాకా ఖర్చవుతుంది, బ్యాటరీలో పావు వంతు. రోజూ పెట్టినా రోజు మార్చి రోజు పెట్టినా బ్యాటరీకి పెద్ద ఫరక్ లేదు. అడుగంటా దించి ఒక్కసారే నింపడం కన్నా కొంచెం కొంచెం నింపుకోవడమే దానికి సుఖం. పాత సెల్‌ఫోన్లు పూర్తిగా అయ్యాకే చార్జ్ చేయమనేవాళ్లే, ఆ అలవాటు ఇక్కడ మర్చిపోండి. కారు 15 శాతంతో నిలబడితే ఏం కాదు, కానీ తెల్లారి అత్యవసరంగా ఆసుపత్రికి పోవాల్సి వస్తే మీకు ఇబ్బంది.

మే నెలలో మాత్రం బడి నుంచి రాగానే పెట్టకండి. రోడ్డు వేడి, ఎండ వేడి, దాని మీద చార్జింగ్ వేడి. చల్లబడనిచ్చి రాత్రి పన్నెండు తర్వాత మొదలయ్యేలా యాప్‌లో టైమ్ పెట్టేయండి. మధ్యలో కరెంటు పోయి వచ్చినా బ్యాటరీకి ఏమీ కాదు. ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టకండి, పాపం అది తట్టుకోలేదు.

విశాఖ క్యాబ్:
నేను రోజుకు రెండుసార్లు ఫాస్ట్ చార్జర్ మీదే, వేరే దారి లేదు, మాకు ఇంటి దగ్గర పార్కింగే లేదు. మూడేళ్లలో లక్షా ఇరవై వేలు తిరిగింది, రేంజ్ కొంచెం తగ్గింది కానీ బండి ఆగలేదు. కాబట్టి నెలకు రెండుసార్లు హైవేలో ఫాస్ట్ చార్జింగ్ పెట్టడానికి భయపడకండి. 80 దాటాక అక్కడ స్పీడు పడిపోతుంది, మిగతా 20కి కూర్చున్నంత సేపు మీ టైమూ పోతుంది, వెనకున్నవాళ్లూ తిట్టుకుంటారు. నేనైతే 80కి తీసేసి పోతా.

కూకట్‌పల్లి నుంచి:
100తో ఇంకో తమాషా. మొన్న తిరుమల పైన ఫుల్ చేసి ఘాట్ దిగా. బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు వచ్చే కరెంటు ఎక్కడ దాచుకుంటుంది? రీజెన్ (కాలు తీస్తే మోటారే బండిని నెమ్మదింపజేసి కరెంటు బ్యాటరీకి పంపడం) దాదాపు లేదు, కాలు తీస్తే బండి ఆగట్లేదు, కింది దాకా మామూలు బ్రేకుల మీదే. కొండ దిగే ముందు కాస్త ఖాళీ ఉంచుకోండి.

ఖమ్మం మాస్టారు:
పది రోజుల తర్వాత రాస్తున్నా. కొత్త లైన్ పడింది. పాత సాకెట్ విప్పితే లోపల రేకు నల్లగా మాడి, వైరు తొడుగు కరిగి అంటుకుపోయి ఉంది, దాన్ని చూశాక మా ఆవిడ నవ్వడం మానేసింది. 100 చార్జింగ్ రెండు రాత్రులు పెట్టా. మొదటి రాత్రి 100 చూపించాక కూడా గంటా ఇరవై నిమిషాలు నడిచి అదే ఆగింది. నిన్న 60 కి.మీ.కి 27 శాతం తగ్గింది, మెట్లు మెట్లుగా, ఎక్కడా జారలేదు. అలారం తీసేశా.

చివరి ప్రశ్న. సెలవుల్లో ఇరవై రోజులు బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటాం. కారు ఫుల్ చేసి పోనా?

గుంటూరు ఈవీ:
వద్దు. సగం దగ్గర ఉంచి ప్లగ్ తీసేసి నీడలో పెట్టండి. ఊరికే యాప్ తెరిచి కారు ఎలా ఉందో చూసుకోకండి, చూసినప్పుడల్లా అది నిద్రలేస్తుంది, చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. వచ్చాక డోరు తెరుచుకోకపోతే కారణం పెద్ద బ్యాటరీ కాదు, అదే. రిమోట్ తాళంచెవిలో ఉండే మెకానికల్ కీ ఎక్కడుందో వెళ్లేముందే చూసుకోండి.