96 వేలు తిరిగిన థండర్‌బర్డ్ 350: ఇంజన్ విప్పించాలా, బండే మార్చాలా?

శ్రీశైలం_రూటు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నాది 2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350, నలుపు రంగు, కార్బ్యురేటర్ బండి, ఏపీ 09 నంబర్. కొత్తది తీసుకున్నప్పటి నుంచీ నా చేతిలోనే ఉంది. మొన్న శ్రీశైలం వెళ్ళొచ్చేసరికి మీటరు 96 వేలు దాటింది. దీని మీద కన్యాకుమారి వెళ్ళొచ్చాను, మారేడుమిల్లి మీదుగా భద్రాచలం మూడుసార్లు తిరిగాను, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడతో అరకు వెళ్ళింది కూడా దీని మీదే. 20 లీటర్ల ట్యాంకు, వెనక కూర్చున్న మనిషికి ఆనుకోడానికి బ్యాక్‌రెస్ట్, 80లో పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా పోతూనే ఉంటుంది. అందుకే ఇన్నాళ్ళూ మార్చాలని అనిపించలేదు.

ఇప్పుడు ఏమైందంటే ఏడాది నుంచి ఆయిల్ తాగుతోంది. వెయ్యి కిలోమీటర్లకు దగ్గర దగ్గర 400 ఎంఎల్ పోయాల్సి వస్తోంది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ, ఒక నిమిషం ఉండి పోతుంది. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే వంపుల్లో థ్రాటిల్ వదిలేసి గేర్ మీదే దిగి, కింద మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వగానే ఒక్కసారి గుప్పుమని పొగ వచ్చిందని వెనక బండిలో వస్తున్న ఫ్రెండ్ చెప్పాడు. ఎక్కేటప్పుడు మాత్రం పొగ లేదు, పికప్ కూడా తగ్గినట్టు నాకు అనిపించలేదు. ఇది కాక హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఎక్కడో పట్టేసినట్టు ఉంటోంది.

ఒక షెడ్డులో చూపిస్తే రెండు నిమిషాలు శబ్దం విని, ఇంజన్ ఫుల్ జాబ్ చేయాలి, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం), పిస్టన్, క్లచ్ ప్లేట్లు, బేరింగులు అన్నీ కలిపి 32 వేలు అన్నాడు. ఇంకో షెడ్డులో అసలు చూడకుండానే 50 వేలకు ఇచ్చేయండి, నేనే తీసుకుంటా అన్నాడు. 50 వేల బండికి 32 వేలు పెట్టడం తెలివైన పనేనా? కొత్తది కొందామంటే ఇంట్లో పాప స్కూలు ఫీజులు, ఇంకో పక్క హోమ్‌లోన్. రాత్రిళ్ళు పడుకుంటే ఇదే టెన్షన్. మీలో లక్ష దాటించినవాళ్ళు ఎవరైనా ఉంటే మీరేం చేశారో చెప్పండి.

బెజవాడ_పాతబండి

తమ్ముడూ, ముందు 32 వేల సంగతి పక్కన పెట్టు. నువ్వు రాసింది నేను రెండుసార్లు చదివాను. రోగం ఏంటో నీ మాటల్లోనే ఉంది.

పిస్టన్ రింగులు, బోరు పోతే పొగ ఎప్పుడొస్తుంది? లోడు పడినప్పుడు. ఘాట్ ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చుని మూడో గేర్‌లో లాగేటప్పుడు వెనక నీలంగా తోకలా వస్తూనే ఉంటుంది, పికప్ చచ్చిపోతుంది. నీకు అవేమీ లేవు. రాత్రంతా నిలబడ్డాక పొద్దున స్టార్టింగ్‌లో, ఘాట్ దిగి థ్రాటిల్ తిప్పగానే, ఈ రెండు చోట్లే వస్తోందంటే వాల్వ్ సీల్స్, అంటే వాల్వ్ కాడ చుట్టూ ఆయిల్ దిగకుండా ఆపే రబ్బర్లు, గట్టిపడిపోయి ఆ కాడ ఆడే గొట్టం (గైడ్) వెంట ఆయిల్ లోపలికి జారుతోందని అర్థం. పన్నెండేళ్ళ రబ్బరు, అంత వేడిలో, అది మామూలే. ట్యాంకు తీసి హెడ్ (సిలిండర్ పైన వాల్వులుండే భాగం) దించితే చాలు, ఇంజన్‌ని ఛాసిస్ నుంచి కిందికి దించే పని లేదు. సీల్స్, హెడ్ గ్యాస్కెట్, వాల్వ్ గ్రైండింగ్, గైడ్లు అరిగి ఉంటే అవి కూడా. మా దగ్గరైతే లేబర్‌తో కలిపి ఏడెనిమిది వేలలో అయిపోతుంది, హైదరాబాద్‌లో ఇంకో రెండు మూడు వేలు వేసుకో.

హెడ్ దించిన రోజు నువ్వు పక్కనే నిలబడు. పిస్టన్‌ని అడుగుకు తిప్పించి, బోరు గోడల్ని గుడ్డతో తుడిచి టార్చ్ వేసి చూడు. సన్న గీతలు కంటికి కనపడటం వేరు. చూపుడువేలి గోరుతో అడ్డంగా గీకినప్పుడు గోరు తట్టుకుంటే అప్పుడు బోరు సంగతి ఆలోచించాలి. గోరు నున్నగా జారిపోతే పిస్టన్ జోలికి పోవద్దు, హెడ్ పని చేయించి మూసెయ్. ఇంజన్ బాగానే ఉన్నా ఎలాగూ విప్పాం కదా అని అన్నీ మార్చేస్తే వచ్చే కొత్త తలనొప్పులు నేను చాలా చూశాను.

అంతకన్నా ముందు ఇంకొకటి, దానికి పైసా ఖర్చు లేదు. ఆయిల్ ఎక్కువ పోస్తున్నావేమో చూసుకో. బండిని ఐదు నిమిషాలు నడిపి ఆపి, కాసేపు ఆగి, సెంటర్ స్టాండ్ మీద నిలువుగా పెట్టి కుడివైపు ఉన్న గాజు కిటికీలో లెవెల్ చూడాలి. సైడ్ స్టాండ్ మీద వంగి ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోసేవాళ్ళు చాలామంది. ఎక్కువైన ఆయిల్‌ని ఈ ఇంజన్ బ్రీదర్ పైపు నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి తోసేస్తుంది. డబ్బా మూత తీసి చూడు, అడుగున నల్లగా ఆయిల్ మడుగు కట్టి ఉంటే నీ 400లో సగం అక్కడే ఉంది.

ఈ ఇంజన్‌లో వాల్వుల్ని కదిపేవి హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆయిల్ ఒత్తిడితో తమంతట అవే సర్దుకుంటాయి, పాత బుల్లెట్‌లాగా ట్యాపెట్ సెట్టింగ్ చేయించే పని లేదు. అయితే అవి బతికేది ఆయిల్ మీదే. 15డబ్ల్యూ50 గ్రేడే వాడు, ఇంకా రంగు బాగానే ఉంది కదా అని మార్చకుండా తిప్పకు. హ్యాండిల్ పట్టేయడానికి కారణం కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు. ముందు చక్రం గాలిలోకి లేపి ఒక్క వేలితో హ్యాండిల్ నెట్టు, సరిగ్గా మధ్యలోకి రాగానే టక్కుమని గుంటలో పడ్డట్టు ఆగితే బాల్ రేసులు అరిగినట్టే. అది మాత్రం వాయిదా వేయకు, ఘాట్‌లో వంపు తిరిగేటప్పుడు బండి నీ మాట వినదు.

ఓరుగల్లు_వెనకసీటు

బెజవాడ అన్న చెప్పింది ఇంజన్ వరకు కరెక్టే. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. మా ఆయన బండి కూడా థండర్‌బర్డే, 2014ది. పదేళ్ళు నేను వెనక కూర్చుని తిరిగాను, లక్నవరం, మేడారం, ఒకసారి హంపి దాకా వెళ్ళాం. బ్యాక్‌రెస్ట్ గురించి మీరు రాసింది చదివితే నాకు మా రోజులు గుర్తొచ్చాయి.

రెండేళ్ళ కింద వానాకాలంలో ములుగు దాటాక అడవి రోడ్డు మీద ఒక గేదె ఒక్కసారిగా అడ్డం వచ్చింది. ఆయన బ్రేక్ నొక్కారు, ముందు చక్రం లాక్ అయింది, తడి రోడ్డు మీద బండి జారి ఇద్దరం పడ్డాం. నా మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. ఆయన తప్పు నడిపారని నేను అనను, అంత దగ్గర్లో ఎవరైనా అలాగే గట్టిగా నొక్కుతారు. ఆ బండికి ఏబీఎస్ లేదు, అంటే బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ పైన ఉన్న కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. మీదీ మాదీ అంతకు ముందువి. ఎంత ఖర్చు పెట్టి ఇంజన్ బాగు చేయించినా ఏబీఎస్ దానికి రాదు.

అమ్మేయమని నేను అనట్లేదు. ఇంజన్ బాగుందా లేదా అన్నదొక్కటే చూసుకుని నిర్ణయం తీసుకోవద్దు అంటున్నాను, ఎందుకంటే వెనక కూర్చునే మనిషికి హ్యాండిలూ ఉండదు, బ్రేకూ ఉండదు. ఒకసారి మీ ఆవిడను కూడా కూర్చోబెట్టి అడగండి. ఉంచుకునేటట్టయితే ముందు ఆ 32 వేల గురించి కాదు, టైర్ల గురించి చూడండి. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి, 2218 అంటే 2018లో 22వ వారం తయారైందని. మేం పడ్డాక చూస్తే మా ముందు టైరుకు గాడులు బాగానే ఉన్నాయి కానీ వయసు ఏడేళ్ళు, రబ్బరు చెక్కలా గట్టిగా ఉంది. అరగలేదు కదా అని అలాగే ఉంచాం. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మార్చాలని కూడా ఆ తర్వాతే తెలిసింది, మాది తీస్తే టీ డికాషన్ రంగులో ఉంది.

ఇప్పుడు మేం అదే కంపెనీది మీటియర్ 350 తీసుకున్నాం. రెండు చక్రాలకూ ఏబీఎస్, ట్యూబ్‌లెస్ టైర్లు. పంచరైతే చక్రం విప్పి ట్యూబ్ మార్చుకుంటూ రోడ్డు పక్కన గంట కూర్చునే బాధ పోయింది. ట్యాంకు మాత్రం 15 లీటర్లే, ఆ 20 లీటర్ల ధీమా లేదు.

సిల్క్‌బోర్డు_సాయంత్రం (బెంగళూరు)

మాది అనంతపురం, ఉద్యోగం ఇక్కడ. నేను సరిగ్గా మీ పరిస్థితిలోనే ఉండి నా థండర్‌బర్డ్ అమ్మేసి హిమాలయన్ 450 తీసుకున్నాను. 40 హార్స్‌పవర్, ఏ ఘాట్ అయినా గేర్ దించకుండా ఎక్కేస్తుంది, లేపాక్షి, గండికోట వైపు గతుకుల రోడ్ల మీద నడుము నొప్పి తెలియదు. అయినా పాత బండి మీద వెళ్ళినట్టు తీరిగ్గా వెళ్ళడం నాకు దీని మీద రాలేదు. అది 75లో దడదడలాడుతూ పోతుంటే చేలు, ఊళ్ళు, టీ బంకులు అన్నీ కనపడేవి. ఇది 110 అన్నా తెలియనివ్వదు, ఎప్పుడు చేరిపోయామో అన్నట్టు ఉంటుంది. నాకు నచ్చింది కానీ మీకు కూడా నచ్చుతుందని చెప్పలేను. కొనే ముందు ఎవరిదైనా అడిగి కనీసం వంద కిలోమీటర్లు నడపండి, షోరూం చుట్టూ తిరిగే టెస్ట్ రైడ్‌లో ఏమీ తెలియదు.

డబ్బు లెక్కలో ఒక సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైన ఉన్నవాటికి 40 శాతం అయింది. అంటే మీటియర్, క్లాసిక్ లాంటివి తగ్గాయి, నాలాంటి బండి పెరిగింది. హోమ్‌లోన్ ఉందంటున్నారు కాబట్టి 350 దాటకుండా చూసుకోవడం మంచిది.

అమ్మేటప్పుడు మాత్రం నేను చేసిన పొరపాటు చేయకండి. కొన్న కుర్రాడు ట్రాన్స్‌ఫర్ వారంలో చేయించుకుంటా అన్నాడు, నేను సంతకాలు పెట్టి బండి ఇచ్చేశాను. ఎనిమిది నెలలు నా పేరు మీదే తిరిగింది. హెల్మెట్ లేదని, సిగ్నల్ జంప్ అని చలాన్లు నా ఫోన్‌కు వస్తూనే ఉన్నాయి. అదే ఏదైనా యాక్సిడెంట్ అయి ఉంటే ఆర్సీలో నా పేరే కదా అని ప్రతి మెసేజ్‌కూ గుండె ఆగినంత పనయ్యేది. చివరికి అతను పనిచేసే చోటికి వెళ్ళి కూర్చుని చేయించుకున్నాను. కొత్త పేరు మీద ఆర్సీ మారేదాకా పూర్తి డబ్బు తీసుకోకండి, బండీ ఇవ్వకండి. కొనేది ఆంధ్ర వాళ్ళయితే ఎన్ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మారడానికి అభ్యంతరం లేదన్న పత్రం) కూడా కావాలి.

మీ బండి 2013ది కాబట్టి ఆర్సీ 15 ఏళ్ళు 2028లో పూర్తవుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవాలి. అమ్మాలనుకుంటే ఆ ఆఖరి ఏడాది దాకా ఆగితే రేటు బాగా పడిపోతుంది.

బెజవాడ_పాతబండి

ఓరుగల్లు చెల్లెమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇంజన్ గురించి అంత రాసి బ్రేకుల గురించి ఒక్క ముక్క రాయనందుకు బాధగా ఉంది. మణికట్టు ఇప్పుడు బాగుందని అనుకుంటున్నాను.

తమ్ముడూ, స్పేర్ల గురించి కూడా తెలుసుకో. థండర్‌బర్డ్ 2020లో ఆగిపోయింది. ఇంజన్ సామాను అప్పటి క్లాసిక్ 350 లోదే కాబట్టి దానికి కొదవ లేదు. కష్టమల్లా దీనికి మాత్రమే వచ్చే మీటరు, హెడ్‌లైట్, వెనక లైటు, సైడ్ ప్యానెళ్ళతోనే. ఎక్కడైనా మంచివి దొరికితే తీసి ఇంట్లో పెట్టుకో. ఇంకోటి, ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ వస్తోంది, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి బండి కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున నీళ్ళు చేరి తుప్పు పడుతుంది, కార్బ్యురేటర్ రబ్బర్లు, పెట్రోల్ పైపు కూడా పాతవైతే గట్టిపడి చీలతాయి. పైపు మార్చడం రెండు వందల పని, వెంటనే చేయించు.

శ్రీశైలం_రూటు (హైదరాబాద్)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీశాను. అన్న చెప్పినట్టే అడుగున ఆయిల్ ఉంది, ఒక టీ గ్లాసుడు వచ్చింది. ఇన్నాళ్ళూ సైడ్ స్టాండ్ మీదే లెవెల్ చూస్తున్నాను. మూడో షెడ్డులో ఒక పెద్దాయన దగ్గర హెడ్ దింపించాను, నేను పక్కనే ఉన్నాను. బోరు మీద గోరు ఎక్కడా తగల్లేదు. వాల్వ్ సీల్స్ వేలితో నొక్కితే ప్లాస్టిక్‌లా ఉన్నాయి, ఒకటి తీస్తుంటే చేతిలోనే ముక్కలైంది. సీల్స్, గ్యాస్కెట్, ఒక గైడ్, కోన్‌సెట్, పెట్రోల్ పైపు, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ కలిపి 11,400 అయింది. తర్వాత 600 కిలోమీటర్లు తిరిగాను, లెవెల్ కిటికీలో ఎక్కడుందో అక్కడే ఉంది. పొద్దున పొగ లేదు. టైర్లు రెండూ 2017వి, అవీ మార్చేశాను.

ఓరుగల్లు అక్కా, మీరు చెప్పినట్టు మా ఆవిడను అడిగాను. తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, వానలో ఘాట్ దిగేటప్పుడు నాకు ఎప్పుడూ భయమే, నువ్వు బాధపడతావని చెప్పలేదు అంది. పన్నెండేళ్ళలో ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. అందుకని ఇకనుంచి దీని మీద నేనొక్కడినే, ఎండాకాలం, చలికాలం. ఇద్దరం వెళ్ళేవన్నీ బస్సులోనో కారులోనో. నెలకు ఐదు వేలు పక్కన పెట్టడం మొదలుపెట్టాను, వచ్చే ఏడాది చివరికి ఏబీఎస్ ఉన్న 350 ఒకటి డౌన్ పేమెంట్ కట్టి తీసుకుంటాను. అప్పుడు దీన్ని అమ్మాలో ఉంచుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

ఓరుగల్లు_వెనకసీటు

చేయి బాగుందండి, చలికి మాత్రం కొంచెం లాగుతుంది. కొత్త బండి తీసుకునేటప్పుడు మీ ఆవిడను కూడా షోరూంకి తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టి చూడండి, ఫుట్‌రెస్ట్ ఎత్తు తనకు సరిపోవాలి. నాకు మీటియర్‌లో మోకాళ్ళు కొంచెం పైకి వచ్చినట్టు ఉంటాయి, వంద కిలోమీటర్లు దాటాకే అది తెలిసింది.