అప్‌డేట్: పినో నువార్ పాడైందా అని అడిగాను కదా, వైనరీకే వెళ్లొచ్చాం

అమెరికాలో ఆరెగాన్‌లోని విల్లామెట్ లోయ పినో నువార్ (ఆ పేరున్న ద్రాక్షతో చేసే రెడ్ వైన్) కొంటే రంగు పల్చగా, రుచి పుల్లగా ఉంది, పాడైందా అని పోయిన నెల అడిగాను. "ఆ ద్రాక్ష తీరే అంత, ఒకసారి ఆ లోయలోని డండీ కొండలకు వెళ్లి చూడండి" అన్నారు మీరు. శనివారం వెళ్లాం. ఒక కుటుంబం నడిపే చిన్న వైనరీ (వైన్ తయారుచేసే చోటు), కోతలు జోరుగా సాగుతున్నాయి.

మీరు చెప్పిందే నిజం. పినో తొక్క పల్చన, అందుకే రంగు తక్కువ. రాత్రుళ్లు చల్లగా ఉండటంతో పండులో పులుపు నిలుస్తుంది. 1965లో డేవిడ్ లెట్ అనే ఆయన ఈ లోయలో పినో నాటినప్పుడు, ఇంత చలిలో పండదని చాలామంది అన్నారట!

ఈస్ట్ విడిగా కలపరు, తొక్కల మీద ఉన్నదే పులియబెడుతుంది. తొట్టిలో పైకి తేలి గట్టిపడిన తొక్కల్ని, పలక బిగించిన పొడవాటి కర్రతో రోజుకు రెండు మూడుసార్లు రసంలోకి దింపుతారు. పెద్దాయన కర్ర నా చేతికిచ్చారు. నాలుగు పోట్లకే భుజాలు పట్టేశాయి. ఆ తొక్కల పొర పగిలి గులాబీ నురగ బుసబుసా పైకొచ్చింది, పులిసిన పిండి వాసన. వంగి చూడబోతే చటుక్కున వెనక్కి లాగారు, తొట్టి మీద కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందట.

నిన్న అదే వైన్ ఇంకో సీసా తెరిచే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాం. ఈసారి ఆ పులుపే చాలా నచ్చింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండీ.