ఫేజ్ మందు వాడితే రెసిస్టెన్స్ జన్యువులు పాకుతాయా? మా బావకీ నాకూ తగాదా, మీరు తీర్చండి

కేఆర్‌పురం_కుర్రోడు

అందరికీ నమస్కారం. మా నాన్నకి షుగర్. కాలి పుండు మూడు నెలలుగా మానట్లేదు. కల్చర్ రిపోర్టులో స్యూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది, మందుల పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే రెసిస్టెన్స్, ఆ మందులకి లొంగదని. చూపిస్తున్న చోట ఒక జూనియర్ డాక్టరు మాటల్లో ఫేజ్ థెరపీ అన్నారు. బ్యాక్టీరియాని చంపే వైరస్‌లట. జార్జియా దేశంలో, టిబిలిసిలో, 1923 నుంచీ దీనికోసం ఒక సంస్థే ఉందట. ఆశ పుట్టింది.

ఆదివారం మారతహళ్లిలో అక్క వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తాను. మా బావ బయోటెక్ కంపెనీలో క్వాలిటీ చూస్తాడు. చేతిలో ముద్ద దించేసి, "ఆ వైరస్‌లే జన్యువుల్ని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసుకెళ్తాయి. రెసిస్టెన్స్ తగ్గించడానికి వాటిని తెస్తావా? కొరివితో తల గోక్కోవడమే" అన్నాడు. నిజమేనా?

ల్యాబ్_అక్క

తమ్ముడూ, మీ బావగారు చెప్పింది అబద్ధం కాదు. పూర్తి కథ మాత్రం కాదు.

1952లో నార్టన్ జిండర్, జాషువా లెడర్‌బర్గ్ దీన్ని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలో పట్టుకున్నారు. వాళ్ళు వెతికింది వేరేది: ఆ బ్యాక్టీరియా కూడా ఒకదాన్నొకటి తాకి జన్యువులు ఇచ్చుకుంటుందా అని. యూ ఆకారపు గాజు గొట్టం, అడుగున బ్యాక్టీరియా దూరలేనంత సన్నని ఫిల్టరు, అటొక రకం, ఇటొక రకం. తాకే వీల్లేకపోయినా జన్యువు దాటింది. డీఎన్ఏని కొరికేసే ఎంజైమ్ పోసినా ఆగలేదు. అంటే అది ఏదో డబ్బాలో భద్రంగా వెళ్తోందన్నమాట. ఆ డబ్బా పీ22 అనే ఫేజ్. ఈ మోతకే ట్రాన్స్‌డక్షన్ అని పేరు.

ఎలా జరుగుతుందంటే, ఫేజ్ లోపలికి వెళ్ళాక తన డీఎన్ఏకి కాపీలు తీయిస్తుంది, ఖాళీ ప్రొటీన్ తలలు కట్టిస్తుంది. తలలోకి డీఎన్ఏని కూరే ఎంజైమ్ ఒక గుర్తు చూసి మొదలుపెడుతుంది, తల నిండగానే కోసేస్తుంది. అలాంటి గుర్తే బ్యాక్టీరియా క్రోమోజోమ్ మీద కనబడితే? అక్కడే మొదలుపెట్టేస్తుంది. బెంగళూరులో ఇళ్ళు మారినవాళ్ళకి ఇది కొత్త కాదు. ప్యాకర్స్ కుర్రాళ్ళు ఓనరు సామాను కూడా అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేస్తారు (మా ఇంట్లో ఇప్పటికీ పాత ఓనరు గ్రైండర్ ఉంది). అలాంటి పెట్టెలో ఫేజ్ సామాను ఉండదు, ఉన్నదంతా బ్యాక్టీరియాదే. అది కొత్త కణానికి అతుక్కుని ఆ ముక్కని లోపలికి ఎక్కిస్తుంది కానీ దాన్ని చంపలేదు. ఆ కణం ముక్కని తన క్రోమోజోమ్‌లో కలుపుకుంటే జన్యువు ఇల్లు మారినట్టే. పీ1 అనే ఫేజ్ తలలో దాదాపు లక్ష అక్షరాల డీఎన్ఏ పడుతుంది. అది సోకే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మొత్తం జన్యురాశి సుమారు 46 లక్షల అక్షరాలు. చిన్న మూట కాదు.

అయితే ఫేజ్‌లన్నీ ఒకే తాను గుడ్డలు కావు. టీ4, టీ7 లాంటివి దూరగానే బ్యాక్టీరియా డీఎన్ఏని ముక్కలు చేసి తమ కాపీలకి వాడేసుకుంటాయి. పొరపాటున ప్యాక్ చేయడానికి ఓనరు సామానే మిగలదు. మందుకి ఏరేటప్పుడు చూసేది ఈ తేడానే.

బెల్లందూరు_నురగ

మా చెరువు నురగ సీసాలో పట్టి పంపమంటారా? అన్ని రకాలూ ఉంటాయి 😀

ల్యాబ్_అక్క

నవ్వులాటకి అన్నా నిజమే బ్రో. మందు ఫేజ్‌లని ఎక్కువగా వెతికేది మురుగునీళ్ళలోనే.

మారతహళ్లి_బావ

ఆ బావని నేనే. లింకు వాడే పంపాడు.

మేడం, ప్యాకర్స్ పోలిక బాగుంది. కానీ పొరపాట్ల గురించే చెప్పారు. తెలిసి మోసుకొచ్చేవాటి సంగతో? డిఫ్తీరియా విషం జన్యువు బ్యాక్టీరియాది కాదు, దానిలో కాపురం పెట్టిన ఫేజ్‌ది. విషం లేని రకానికి ఫేజ్ సోకితే విషం వచ్చేస్తుందని 1951లోనే ఫ్రీమన్ చూపించాడు. కలరా విషమూ అంతే, 1996లో వాల్డర్, మెకలనోస్ బయటపెట్టారు. పైగా 2018లో స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాలో ఇంకో దారి దొరికింది. క్రోమోజోమ్‌లో ఉన్న ఫేజ్ బయటికి రాకుండానే ప్యాకింగ్ మొదలుపెట్టి, పక్కనున్న బ్యాక్టీరియా జన్యువుల్ని తలల కొద్దీ నింపుకుంటూ పోతుంది. ఇది అరుదైన పొరపాటు కాదు, చాలా ఎక్కువ స్థాయిలో జరుగుతుంది. ఇన్ని తెలిసి మామయ్య పుండులో పోయమంటారా?

ల్యాబ్_అక్క

మీరు చెప్పినవన్నీ కాపురం పెట్టే రకం ఫేజ్‌లు అన్నయ్యా, అంటే వెంటనే చంపకుండా బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో దూరి ఉండిపోయేవి. వాటిని మందుకి ఏరరు. జన్యుక్రమం మొత్తం చదివి, క్రోమోజోమ్‌లో దూరే ఎంజైమ్ జన్యువు గానీ, విషం గానీ, రెసిస్టెన్స్ గానీ కనబడితే పక్కన పడేస్తారు.

ఇంకోమాట. నాన్నగారికి ఇప్పటిదాకా సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఇచ్చే ఉంటారు కదా. ఆ మందు బ్యాక్టీరియా డీఎన్ఏని దెబ్బతీస్తుంది. ప్రమాద ఘంటికలు మోగితే లోపల నిద్రపోతున్న ఫేజ్‌లు లేచి బయటపడతాయి. షిగా విషం జన్యువు కూడా అలాంటి ఫేజ్‌దే, అందుకే ఆ విషం చేసే ఈ.కోలై సోకినప్పుడు డాక్టర్లు యాంటీబయాటిక్స్‌కి వెనకాడే కారణాల్లో ఇదొకటి. అంటే ఫేజ్‌లని లేపే పని మనం మాత్రలతో ఎప్పటినుంచో చేస్తున్నాం. మాత్ర వేసినప్పుడు రాని టెన్షన్ ఇప్పుడెందుకు?

చెన్నై_చిన్నోడు

మా ఊరి ఉదాహరణ ఒకటి. 2010లో ఎన్‌డీఎం-1 అనే రెసిస్టెన్స్ జన్యువు గురించి లాన్సెట్ వాళ్ళ వైద్య పత్రికలో వచ్చిన పేపర్లో చెన్నై నమూనాలు కూడా ఉన్నాయి. ఆ జన్యువు ఎక్కువగా ప్లాస్మిడ్‌ల మీద, అంటే క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్టల మీద తిరిగింది, బ్యాక్టీరియా ఒకదానికొకటి చెయ్యి కలిపి ఇచ్చుకున్నాయి. ఫేజ్ అవసరమే పడలేదు. 2017లో ఫేజ్ జన్యుక్రమాలు వెతికినవాళ్ళు కూడా రెసిస్టెన్స్ జన్యువులు వాటిలో అరుదే అని తేల్చారు. దొంగ ఆటోలో పోతుంటే మీరు సైకిల్ ఆపి తనిఖీ చేస్తున్నారు అన్నా.

మారతహళ్లి_బావ

తమ్ముడూ, లెక్క తప్పావు. వాళ్ళు వెతికింది ఫేజ్ సొంత జన్యుక్రమంలో. అక్క చెప్పిన తప్పు పెట్టెలో ఫేజ్ జన్యుక్రమమే ఉండదు కదా! ఓనరు గ్రైండర్ కోసం ప్యాకర్స్ వాళ్ళింట్లో వెతికి, లేదు కాబట్టి దొంగతనమే జరగలేదంటే ఎలా?

చెన్నై_చిన్నోడు

😂 సరే, ఆ పాయింటు మీదే. ప్లాస్మిడ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నిద్రపట్టని_పీహెచ్‌డీ

అక్కా, మీ వైపే ఉన్నా గానీ ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. 2017లో కీన్, శంకర్ ఆధ్య బృందం పేపరు చూశారా? కొన్ని ఫేజ్‌లు కాపురం పెట్టేవి కావు, చంపేవే. కానీ చంపేటప్పుడు లోపలి ప్లాస్మిడ్‌లని ముక్కలు చేయకుండా చెక్కుచెదరకుండా బయట పారబోస్తాయి. పక్కనున్న బ్యాక్టీరియా వాటిని ఎత్తుకుంటుంది. వాటికి 'సూపర్‌స్ప్రెడర్' ఫేజ్‌లని పేరు పెట్టారు. అంటే చంపే రకమే కదా అని ధీమా పడటానికి లేదు. డీఎన్ఏని ముక్కలు చేసే రకమా కాదా అన్నది విడిగా చూసుకోవాలి.

ల్యాబ్_అక్క

ఒప్పుకుంటున్నా. నేను టీ4ని చూపించి అందరికీ అదే గుణం అంటగట్టినట్టయింది. అడగాల్సింది "ఫేజ్ మంచిదా చెడ్డదా" అని కాదు, "ఈ ఫేజ్ బ్యాక్టీరియా డీఎన్ఏని ఏం చేస్తుంది" అని.

కానీ అన్నయ్యా, అటువైపు కూడా చూడండి. 2016లో శాన్ డియేగోలో టామ్ పాటర్సన్ అనే ప్రొఫెసర్ ఏ మందుకీ లొంగని అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా సోకి కోమాలో ఉంటే ఫేజ్‌లిచ్చారు, బతికారు. యాంటీబయాటిక్స్‌తో కలిపే ఇచ్చారు, అదీ చెప్పాలి. రిపోర్టులో అన్నీ ఆర్‌లే ఉన్న మనిషికి, జన్యువు ఎక్కడో పాకే అవకాశం కన్నా కాలు పోవడం దగ్గర్లో ఉంది.

మారతహళ్లి_బావ

కాలు మాట వచ్చాక నేను వద్దని ఎలా అంటాను మేడం. వద్దనట్లేదు. కానీ ఆ లాభం మామయ్యది, పాకిన జన్యువు ఆ వార్డులో పక్క మంచం మీద ఉన్నాయనది. నా భయం అది. ఒరేయ్, డాక్టర్ని మూడు అడుగు. ఇచ్చే ఫేజ్ జన్యుక్రమం చదివారా? నాన్న పుండులోంచి తీసిన స్యూడోమోనాస్ మీదే పరీక్షించారా? పుండు కడిగిన నీళ్ళు ఎక్కడ పోస్తారు?

కేఆర్‌పురం_కుర్రోడు

మూడూ రాసుకున్నాను బావా. సోమవారం పొద్దున డ్రెస్సింగ్ ఉంది, అప్పుడే అడుగుతా. అక్క ఈ ఆదివారం కూడా భోజనానికి రమ్మంటోంది. పుండు నీళ్ళ సంగతి మాత్రం చేతులు కడుక్కున్నాక మాట్లాడుకుందాం.