1,63,000 మైళ్ళు తిరిగిన మియాటా: ముందు టర్బోనా, మరమ్మతులా?

రెండు_సీట్లు (ప్లేనో, టెక్సస్)

అందరికీ నమస్కారం. పోయిన నెల 1999 మాజ్డా మియాటా (పైకప్పు దించుకునే రెండు సీట్ల కారు) కొన్నాను. రెండో తరం, 1.8 లీటర్ ఇంజన్, 5 గేర్ల మాన్యువల్. మీటర్‌లో 1,63,000 మైళ్ళున్నాయి, 3,800 డాలర్లకి వచ్చింది. నాకు ముందు ముగ్గురి చేతులు మారింది. అమ్మినాయన దగ్గర రసీదులు నాలుగైదు ఉన్నాయి గానీ, టైమింగ్ బెల్టు (వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పేది) ఎప్పుడు మార్చారో ఆయనకీ తెలీదు.

మొదటి ఆదివారం పైకప్పు దించి లావాన్ చెరువు చుట్టూ తిరిగొచ్చాను. ఇంటికొచ్చాక కూడా తాళంచెవి జేబులోంచి తీయబుద్ధి కాలేదు. కానీ హైవే ఎక్కే ర్యాంప్ మీద 140 హార్స్‌పవర్ చాలడం లేదనిపిస్తోంది. 4,500 డాలర్లు పక్కన పెట్టుకున్నాను, టర్బో (ఇంజన్‌లోకి గాలి ఒత్తి ఎక్కించి శక్తి పెంచే పరికరం) వేయించాలని కోరిక. నా రూమ్మేటేమో ముందు బండిని ఆరోగ్యంగా చెయ్యమంటున్నాడు. రెండూ ఒకేసారి చేసేంత డబ్బు లేదు.

నాకు కనిపించిన లోపాలు ఇవి: పొద్దున మొదటిసారి క్లచ్ నొక్కితే పెడల్ మెత్తగా దిగిపోతుంది. వాల్వ్ కవర్ వెనకవైపు ఆయిల్ చెమ్మ ఉంది. గేర్ రాడ్ దగ్గర్నుంచి కాళ్ళకి వేడి తగులుతుంది. గతుకుల్లో వెనక నుంచి దడదడమని చప్పుడు.

ఏది ముందు చెయ్యాలి, ఎందుకు?

తుప్పు_వేట (ట్రాయ్, మిషిగన్)

తమ్ముడూ, నా 1994 మియాటా ఇప్పుడు 2,11,000 మైళ్ళ దగ్గరుంది. పద్నాలుగేళ్ళుగా నా చేత్తోనే చూసుకుంటున్నాను. నువ్వు చెప్పిన లోపాల్లో భయపడాల్సింది ఒక్కటీ లేదు, వదిలెయ్యాల్సిందీ ఒక్కటీ లేదు.

క్లచ్ పెడల్ మెత్తబడిందంటే చాలావరకు స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి అందించేది) సీలు పోయినట్టే. గేర్‌బాక్స్ పక్కన రెండు బోల్టులతో ఉంటుంది. దాని రబ్బరు తొడుగు ఎత్తి చూడు, లోపల తడి ఉంటే అదే. పెడల్ వైపుండే మాస్టర్ సిలిండర్ కూడా పాతదైతే రెండూ కలిపి మార్చు. ఒకటి కొత్తది వేసి రెండోది వదిలేస్తే కొన్ని నెలల్లోనే అదీ కారడం నేను చూశాను.

కాళ్ళకి వేడి రావడానికి కారణం గేర్ రాడ్ కింద ఉండే రబ్బరు బూటు చిరగడం. ఆ పని చేసేటప్పుడు ఒక సంగతి చూసుకో. ఈ 5 గేర్ల బాక్సులో గేర్ రాడ్ కూర్చునే గిన్నెకి విడిగా ఆయిల్ ఉంటుంది, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినా అది మారదు. పాతికేళ్ళు ఎవరూ ముట్టని బళ్ళలో నల్లటి బురదలా ఉంటుంది. అది తీసి 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ కాస్త పోస్తే గేర్లు పడే తీరే మారిపోతుంది. ఇరవై డాలర్లు కూడా కాని పని, టర్బో కన్నా ముందు నీ మొహంలో నవ్వు తెస్తుంది.

ఇక టైమింగ్ బెల్టు. 60,000 మైళ్ళకోసారి మార్చాలి. నీ ఇంజన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, అదృష్టం. అయినా రోడ్డు మధ్యలో ఆగిపోతావు. వాటర్ పంపుని తిప్పేది ఆల్టర్నేటర్ బెల్టే అయినా, పంపు కూర్చున్నది టైమింగ్ కవర్ల వెనక. అందుకే బెల్టు, పంపు, క్యామ్ సీళ్ళు, ముందు క్రాంక్ సీలు అన్నీ ఒకే విప్పులో చెయ్యాలి. రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు ఏ రంగులో ఉందో చూడు. నలుపు పోయి గోధుమ రంగుకి తిరిగితే అది పగలడానికి సిద్ధంగా ఉంది.

ఇవన్నీ చెయ్యకుండా టర్బో పెడితే పైన పటారం, లోన లొటారం అవుతుంది. నా మాట ఒక్కటే: ముందు మరమ్మతులు.

బూస్ట్_ఓరుగల్లు (ఆస్టిన్, టెక్సస్)

అన్నా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉన్నది. కానీ ఈ మాట నేను ఒప్పుకోను.

మైళ్ళు చూసి ఇంజన్‌కు తీర్పు చెప్పొద్దు. కంప్రెషన్ (సిలిండర్ల గాలి ఒత్తిడి) కొలవండి, లీక్-డౌన్ (ఆ గాలి ఎంత కారిపోతున్నదో) చూడండి. నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉంటే 1,63,000 మైళ్ళ 1.8 ఇంజన్ 6 పీఎస్ఐ బూస్ట్‌ను (టర్బో అదనంగా ఎక్కించే గాలి ఒత్తిడిని) హాయిగా మోస్తది. 2004, 2005 లో మాజ్డా కంపెనీయే మాజ్డాస్పీడ్ మియాటా అని టర్బో పెట్టి 178 హార్స్‌పవర్‌తో అమ్మింది. అది కూడా ఈ 1.8 ఇంజనే. నేను నా 2003 బండికి 1,40,000 మైళ్ళ దగ్గర టర్బో పెట్టిన. ఇప్పుడు 1,82,000. ఇంజన్ విప్పలేదు.

ఇంకొక సంగతి. తమ్ముడు ఇప్పుడు మామూలు క్లచ్ వేయించుకుంటడు అనుకుందాం. రెండేళ్ళకు టర్బో పెడితే ఆ క్లచ్ జారుతది, మళ్ళీ గేర్‌బాక్స్ దించాలె. రేడియేటర్ కూడా అంతే. ఇప్పుడు మామూలుది, తర్వాత పెద్దది. అదే పని రెండుసార్లు, అదే కూలి రెండుసార్లు. చివరికి టర్బో పెట్టాలనే ఉంటే దానికి తగ్గ సామానుతోనే ఇప్పుడు బాగు చేయడం పొదుపు.

అంతా బాగయినాక పెడదాం అనుకున్నోళ్ళ బండ్లు ఏండ్ల తరబడి గ్యారేజీలోనే ఉండుడు చూసిన. పాత బండిల ఏదో ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటది.

తుప్పు_వేట

మాజ్డాస్పీడ్ ఉదాహరణ సగమే చెప్పావు. కంపెనీ టర్బో ఒక్కటి పెట్టి ఊరుకోలేదు. 6 గేర్ల బాక్సు వేసింది, బిల్‌స్టీన్ షాకులు వేసింది, 17 అంగుళాల చక్రాలు వేసింది. పైగా అది కొత్త కారు. తమ్ముడిది 5 గేర్ల బాక్సు, బూస్ట్ పెరిగితే ముందు మొరపెట్టుకునేది అదే.

4,500 లెక్క కూడా వేసి చూడు. టర్బో, మానిఫోల్డు (ఇంజన్ పొగని టర్బోకి చేర్చే గొట్టం), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, పెట్రోలు పాళ్ళు చూసేది), క్లచ్, డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద ట్యూనింగ్. నాణ్యమైన సామాను కొంటే ఆ డబ్బు సగం దారిలోనే అయిపోతుంది. మిగతా సగానికి చవక మానిఫోల్డు కొంటారు, అది వేడికి బీట తీస్తుంది. టర్బో నుంచి ఆయిల్ వెనక్కి దిగడానికి ఆయిల్ పాన్‌కి కన్నం వెయ్యాలి. ఈ బండిలో పాన్ ఊడదియ్యాలంటే ఇంజన్ ఎత్తాలి, లేదా సబ్‌ఫ్రేమ్ దించాలి. అందుకని చాలామంది పాన్ బండికి ఉండగానే కన్నం వేసేస్తారు. ఇనుప రజను లోపల పడకుండా వేసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

నాలుగో సిలిండర్ సంగతి కూడా చెప్పాలి. ఈ ఇంజన్ కుటుంబం మొదట ముందు చక్రాలతో నడిచే 323 కారులో అడ్డంగా కూర్చోడానికి తయారైంది. అక్కడ నీళ్ళు ఒక కొసన లోపలికి వచ్చి రెండో కొసన థర్మోస్టాట్ గుండా బయటికి పోయేవి. మియాటాలో ఇంజన్‌ని నిలువుగా తిప్పాక థర్మోస్టాట్‌ని కూడా ముందుకే తెచ్చారు. దాంతో వెనకున్న నాలుగో సిలిండర్ చుట్టూ నీళ్ళు సరిగ్గా తిరగవు, మిగతా వాటికన్నా అది వేడిగా పనిచేస్తుంది. మామూలు బండికి ఇది సమస్య కాదు. టెక్సస్ ఆగస్టు ఎండలో బూస్ట్ పెట్టిన బండికి మాత్రం అదే ప్రాణం మీదికి తెస్తుంది. కూలెంట్ దారి వెనకనుంచి మళ్ళించే కిట్లు పుట్టుకొచ్చింది ఇందుకే.

శంకుల_మధ్య (రాలీ, నార్త్ కరోలినా)

మీరిద్దరూ ఇంజన్ దగ్గరే ఆగిపోయారు. నేను ఆరేళ్ళుగా మియాటాతో ఆటోక్రాస్ (శంకుల మధ్య నడిపి సమయం కొలిచే పోటీ) చేస్తున్నాను, అందుకే ఇంకో వైపు నుంచి అడుగుతాను. ఆ 140 హార్స్‌పవర్‌ని మీరు పూర్తిగా వాడగలుగుతున్నారా?

ఈ కారు బరువు సుమారు 1,050 కిలోలు. హిరోషిమాలో దీన్ని రూపొందించిన వాళ్ళు 'జింబా ఇత్తాయి' అనే మాట పెట్టుకున్నారు, గుర్రమూ రౌతూ ఒకటే అని అర్థం. గతుకుల్లో దడదడ అంటున్నారంటే షాకులు ఊపిరి వదిలేసి ఉంటాయి, వాటి లోపలి బంప్ స్టాపులు (దెబ్బ ఆపే దిమ్మలు) పొడిపొడిగా రాలిపోయి ఉంటాయి. అలాంటి షాకుల మీద బండిని నడిపి ఇంజన్ చాలట్లేదని తేల్చకండి. కొత్త షాకులు, కొత్త బుష్‌లు, మంచి టైర్లు, సరైన అలైన్‌మెంట్ పడ్డాక అదే ర్యాంప్ మీద మలుపులో వేగం తగ్గించనక్కర్లేదు. అప్పుడు హైవేలో కలిసేటప్పటికి మీ చేతిలో ఉండే వేగమే వేరు.

టైర్ల గురించి నాకు జరిగింది చెప్తాను. నేను కొన్న బండి టైర్లకి గాళ్ళు నిండుగా ఉన్నాయి, కొత్తవే అనుకున్నాను. సన్నగా జల్లు పడుతున్న సాయంత్రం ర్యాంప్ మీద బండి బొంగరంలా తిరిగి గడ్డిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూస్తే 1909. అంటే 2009 లో పంతొమ్మిదో వారం తయారైన టైర్లు, అప్పటికి పదేళ్ళు దాటాయి. రబ్బరు గట్టిపడిపోయింది. మీ నాలుగు టైర్ల మీదా ఆ అంకెలు ఈ రోజే చూడండి, దయచేసి.

పైకప్పు లేని బండికి ఒక రోల్ బార్ (బండి బోల్తా పడితే తల కాపాడే కమ్మీ) కూడా లెక్కలో వేసుకోండి. టర్బో మాట ఆ తర్వాత.

బూస్ట్_ఓరుగల్లు

అక్కా, టైర్లు, రోల్ బార్ విషయంల మీతో పూర్తిగా ఏకీభవిస్త. నేను టర్బో కంటే ముందు రోల్ బారే వేసిన. కానీ ఆటోక్రాస్‌ల సమయం తగ్గించుకునుడు, మామూలు రోడ్డు మీద ఆనందపడుడు వేరు వేరు. తమ్ముడు అడిగింది రెండోది.

స్మాగ్_పరీక్ష (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఒక్క మాట. ఉద్యోగం మారి ఇటువైపు వచ్చే ఆలోచన ఉంటే ముందే చూసుకోండి. ఇక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకి, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది. ఇంజన్ మీద బిగించే టర్బో కిట్‌కి కార్బ్ (కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు) అనుమతి నంబరు లేకపోతే చూడగానే ఫెయిల్ చేస్తారు. టర్బో పెట్టిన బండిని ఇక్కడికి తెచ్చుకున్న మా స్నేహితుడు అన్నీ ఊడదీసి అమ్మేశాడు.

కూకట్‌పల్లి_రాత్రులు (హైదరాబాద్)

ఇండియాలో మియాటా అమ్మనే లేదు, కాబట్టి ఆ కారు గురించి నేను చెప్పేదేమీ లేదు. నా దగ్గరుంది పాత స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన 1.8. ఇక్కడ మాకు రెండు చిక్కులు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది విడిభాగాలు. ఒక్క కూలెంట్ పైపు కోసం నేను ఏడు వారాలు ఆగాను.

మీ దగ్గర ఆ బండికి ప్రతి సీలూ, ప్రతి రబ్బరూ వారం లోపల ఇంటికొస్తుంది. ఆ అవకాశం ఉన్నప్పుడు పాతికేళ్ళ బండిని మొదటి రోజు ఎలా ఉండేదో అలా చేసి ఒక్కసారైనా నడపాలని నాకనిపిస్తుంది. మార్చాక, అసలు అది ఎలా ఉండేదో మళ్ళీ తెలీదు.

రెండు_సీట్లు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా టెక్సస్‌లో 24 ఏళ్ళు దాటిన బండికి ఎమిషన్ పరీక్ష లేదు, నాకు ఆ ఇబ్బంది రాదు.

ఓరుగల్లు అన్న చెప్పినట్టు కంప్రెషన్ గేజ్ అద్దెకి తెచ్చి శనివారం కొలిచాను. ఇంజన్ వేడెక్కాక, త్రాటిల్ పూర్తిగా తెరిచి. మొదటి సిలిండర్ 172 పీఎస్ఐ, రెండోది 170, మూడోది 171. నాలుగోది 152. రెండుసార్లు కొలిచినా అంతే. నాలుగో దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే 166 వచ్చింది.

టైర్ల అంకెలు: ముందు రెండూ 4417, వెనక రెండూ 2312.

తుప్పు_వేట

ఆయిల్ పోస్తే పెరిగిందంటే వాల్వులు కాదు, పిస్టన్ రింగులు అరిగాయి. నాలుగో సిలిండరే కావడం చూశావుగా. మామూలుగా నడుపుకుంటే ఈ ఇంజన్ ఇంకా చాలా ఏళ్ళు నడుస్తుంది. బూస్ట్ పెడితే మాత్రం ఆ సిలిండర్ నుంచి కిందికి గాలి తన్ని, సీళ్ళన్నీ కారడం మొదలవుతుంది. వెనక టైర్లు ఈ వారమే తీసెయ్యి.

బూస్ట్_ఓరుగల్లు

ఈ అంకెల మీద నేను కూడా బూస్ట్ పెట్టమని చెప్పను. పరీక్ష చేయమన్నది ఇందుకే. కానీ నా మాట పూర్తిగా పోలేదు. ఈ ఇంజన్‌కు రింగులు ఎట్లయినా వేయాల్సిన రోజు వస్తది. ఆ రోజు విప్పినప్పుడు గట్టి రాడ్లు వేసి, కూలెంట్ దారి మళ్ళించి, అప్పుడు టర్బో పెట్టుకో. అందుకే ఇప్పుడు ఈ ఇంజన్ సీళ్ళ మీద ఎక్కువ ఖర్చు పెట్టకు. బెల్టు, పంపు చాలు. మిగిలిన డబ్బు దాచుకో.

తుప్పు_వేట

కవర్లు విప్పాక పది డాలర్ల సీలు దగ్గర పొదుపు వద్దు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు. తమ్ముడూ, క్రాంక్ పుల్లీ ఊడదియ్యక ముందు దాన్ని ముందుకీ వెనక్కీ లాగి చూడు, ఆట (వదులు) తగులుతుందేమో. 1999, 2000 ఇంజన్లలో కొన్నిటికి థ్రస్ట్ బేరింగు (క్రాంక్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపేది) అరిగిన కేసులున్నాయి. అది ఉంటే ఈ చర్చంతా మారిపోతుంది.

శంకుల_మధ్య

పైకప్పు నీళ్ళు పోయే గొట్టాలు చూశారా? సీట్ల వెనక, పైకప్పు మడత కింద రెండు పక్కలా ఉంటాయి. ఆకులు, దుమ్ము పట్టి మూసుకుపోతే వాన నీళ్ళు తలుపు కింది సిల్లులోకి దిగి లోపల్నుంచి తుప్పు పడుతుంది. రింగులు మార్చొచ్చు. ఆ రేకు పోతే బండి పోయినట్టే. ఒక్కో వైపు గ్లాసుడు నీళ్ళు పోసి చూడండి.

రెండు_సీట్లు

క్రాంక్‌లో ఆట ఏమీ తగల్లేదు. బెల్టు, పంపు, సీళ్ళు, క్లచ్ సిలిండర్లు రెండూ ఆర్డర్ పెట్టాను. టైర్లు, షాకులు వచ్చే నెల జీతంతో. టర్బో డబ్బు అనుకున్నది ఇందులోనే కలిపేశాను.

ఇప్పుడే నీళ్ళు పోసి చూశాను అక్కా. ఎడమ వైపు వెనక చక్రం ముందు నుంచి ధారగా కారిపోయాయి. కుడి వైపు పోసి పది నిమిషాలైంది, కింద ఇంకా పొడిగానే ఉంది.